ఉత్తరం హద్దు: మంగతాయారు

మా ఊరి మునిసిపల్ ఆఫీసు ఎదురుగా రేకుల పందిరి కింద కూర్చుని ముప్పై రెండేళ్ళుగా దస్తావేజులూ దరఖాస్తులూ రాస్తున్నాను. ఇన్నేళ్ళలో నాకు గట్టిగా తెలిసివచ్చిన సంగతి ఒక్కటే. ప్రభుత్వ కాగితంలో తప్పు ఉండదు. ఉంటే, దానికి తగ్గట్టు మనమే సర్దుకోవాలి. మంగతాయారు గారు సర్దుకున్న వైనం చెబుతాను.

ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో పురుళ్ళు పోసే నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఊళ్ళో నలభై ఏళ్ళలోపు వాళ్ళలో సగం మంది మొహాలు వాళ్ళ అమ్మలకంటే ముందు చూసింది ఆవిడే. భర్త పోయారు, పిల్లలు లేరు. తండ్రి వదిలివెళ్ళిన పెంకుటింట్లో సగం తనకి రావాలని అన్నగారైన కడిమి సూర్రాజు మీద దావా వేశారు. సూర్రాజు గారిది సైకిళ్ళ షాపు. భార్య పోయాక షాపు కట్టేసి ఆ ఇంట్లోనే ఒక్కరూ ఉంటున్నారు. "పెళ్ళి చేసి పంపించాం కదా, ఇంకా వాటా ఏంటండి" అన్నది ఆయన వాదన. ఆ ఒక్క వాక్యం మీద కేసు పదిహేడేళ్ళు నడిచింది. అన్నేళ్ళూ అన్నాచెల్లెళ్ళు లాయర్ల ద్వారా తప్ప ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

చివరికి కోర్టు ఇంటిని నడిమికి రెండు చేసింది. ఉత్తరపు సగం 'ఏ' షెడ్యూలు, సూర్రాజుది. దక్షిణపు సగం 'బి' షెడ్యూలు, మంగతాయారుది. తుది డిక్రీ స్టాంపు కాగితాల మీదకెక్కి, రిజిస్టరు కూడా అయ్యాక ఆవిడ దాన్ని పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులతో పట్టుకుని నా పందిరి కిందికి వచ్చారు.

"రైటరుగారూ, మునిసిపాలిటీలో నా వాటా నా పేరు మీదకి మార్పించండి. పేరు మారితే గానీ కరెంటు మీటరు ఇవ్వరట. నేనుండే అద్దె గది ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. మీటరు పెట్టించుకుని నా సగంలోకి దిగిపోతాను," అన్నారు.

నేను కళ్ళజోడు పెట్టుకుని ఆవిడ వాటా హద్దులు చదివాను. తూర్పు, మునిసిపల్ రోడ్డు. దక్షిణం, పంటకాలువ గట్టు. పడమర, కలపడిపో ప్రహరీ. ఉత్తరం, బి షెడ్యూలుదారు మంగతాయారు.

మరోసారి చదివాను. అదే ఉంది. 'ఏ' అని కొట్టాల్సిన చోట టైపిస్టు 'బి' అని కొట్టి, పక్కన పేరు కూడా శ్రద్ధగా బి వాటాదారుదే వేశాడు. మంగతాయారు గారి వాటాకి ఉత్తరాన మంగతాయారు గారే ఉన్నారు.

ఆవిడ లాయరుకి ఫోన్ చేశాను. ఆయన నిట్టూర్చాడు.

"ఆ అక్షరం మార్చాలంటే పిటిషన్ వెయ్యాలండి. అన్నగారికి నోటీసివ్వాలి, ఆయన కౌంటరు వెయ్యాలి. జడ్జిగారి పోస్టేమో ఖాళీ. రెండేళ్ళు వేసుకోండి. అయినా ఆవిడకి ఆవిడే పొరుగైతే నష్టమేముంది? గొడవపడని పొరుగు దొరకడం ఈ రోజుల్లో అదృష్టమండి."

సరే అని దరఖాస్తు రాసి ఆవిడతో లోపలికి వెళ్ళాను.

పేరుమార్పిడి విభాగానికి సూపరింటెండెంటు పరిమి విశ్వేశ్వరరావు గారు. మంచి మనిషి. గొంతు పెంచడు, ఎవరి దగ్గరా పైసా ముట్టడు. ముట్టేవాడైతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఆయన డిక్రీని మొదటి పేజీ నుంచి చివరి ముద్ర దాకా చదివి, పక్కన పెట్టి, చేతులు కట్టుకున్నారు.

"సదరు ఆస్తికి నాలుగు హద్దులు. తూర్పు రోడ్డు మనదే, దక్షిణం కాలువ ప్రభుత్వానిదే, ఇబ్బంది లేదు. పడమటి వారి నిరభ్యంతర పత్రం జతపరిచారు, సంతోషం. ఉత్తరపు పొరుగువారి పత్రం కనిపించడం లేదు."

"ఉత్తరపు పొరుగు నేనేనండి," అన్నారు మంగతాయారు గారు.

"తమరు దరఖాస్తుదారు."

"అవునండి. పొరుగూ నేనే."

"అమ్మా, నిరభ్యంతరం అనేది ఎదుటివారు ఇచ్చేది. తన మీద తనకి అభ్యంతరం లేదని ఎవరైనా చెప్పుకుంటారు. దానికి విలువేముంటుంది?"

ఆ మాటలో న్యాయం ఉందని నాకూ అనిపించింది. అయినా, డిక్రీలో ఉన్న మనిషి సంతకమే కదా కావలసింది అని వాదించి, ఆవిడ చేత ఇంకో కాగితం మీద పొరుగు హోదాలో సంతకం పెట్టించాను. గుమాస్తా కంప్యూటర్లో ఎక్కించబోయాడు. దరఖాస్తుదారు గడిలో ఆధార్ నంబరు తీసుకుంది. పొరుగువారి గడిలో అదే నంబరు కొట్టేసరికి తెర ఎర్రబడింది.

"ఒప్పుకోవట్లేదండి. ఒక నంబరుకి ఒక మనిషే అంటోంది," అన్నాడు గుమాస్తా.

"చూశారా. యంత్రానికి కూడా అనుమానం వచ్చింది," అన్నారు విశ్వేశ్వరరావు గారు బాధగా. "ఇక ఉన్న దారి ఒక్కటే. ఉత్తరపు పొరుగువారికి రిజిస్టరు పోస్టులో నోటీసు పంపుతాం. వారంలోగా హాజరై అభ్యంతరం ఉందో లేదో చెప్పుకోవచ్చు."

నోటీసు మంగతాయారు గారి అద్దె గదికి బయల్దేరింది. విచారణ బుధవారం పదకొండు గంటలకి. దరఖాస్తుదారు కూడా ఆ వేళకి ఆఫీసులో ఉండాలన్నారు కాబట్టి ఆవిడ పదింటికే వచ్చి బల్ల మీద కూర్చున్నారు. సరిగ్గా ఆ టైముకే పోస్టుమాన్ నోటీసు పట్టుకుని ఆవిడ గదికి వెళ్ళాడు. తాళం వేసి ఉంది. 'తలుపు తాళం' అని రాసి వెనక్కి పంపేశాడు.

పదకొండు గంటలకి అటెండరు అప్పలస్వామి గుమ్మంలో నిలబడి పిలిచాడు. "మంగతాయారు, మంగతాయారు, మంగతాయారు."

"ఇక్కడే ఉన్నాను," అని ఆవిడ లేచారు.

"తమరు కూర్చోండమ్మా. పిలిచింది మిమ్మల్ని కాదు," అన్నాడతను మర్యాదగా.

ఫైల్లో ఇలా రాశారు: 'దరఖాస్తుదారు హాజరు. పొరుగువారు గైర్హాజరు.' మరో బుధవారానికి వాయిదా వేశారు. ఆ బుధవారమూ ఆవిడ వచ్చారు, ఆ బుధవారమూ నోటీసు తాళం చూసి వెనక్కి వెళ్ళింది. మూడోసారి నేనే ఉపాయం చెప్పాను, ఆఫీసుకి రాకుండా గదిలోనే ఉండి నోటీసు అందుకోండని. అందుకున్నారు. ఫైల్లో 'పొరుగువారికి నోటీసు ముట్టినది. దరఖాస్తుదారు గైర్హాజరు. ఆసక్తి లేనట్లు భావించి ఫైలు మూసివేయవచ్చును' అని పడింది. ఆ మూసిన ఫైలు తెరిపించడానికి ఇంకో దరఖాస్తు రాయాల్సి వచ్చింది.

ఈలోగా నెలాఖరు వచ్చింది. ఇంటివాళ్ళు ఇంకో పదిహేను రోజులు గడువిచ్చారు. విశ్వేశ్వరరావు గారికి ఆవిడ మీద నిజంగానే జాలి కలిగింది.

"నా సర్వీసులో ఎందరో పొరుగువాళ్ళని చూశానమ్మా. ఈవిడంత మొండిదాన్ని చూళ్ళేదు. కావాలనే తప్పించుకు తిరుగుతోంది."

బయటికొచ్చాక మంగతాయారు గారు పందిరి గుంజకి చేరబడి కూర్చుని, "రైటరుగారూ, ఆయన అలా అంటుంటే నాక్కూడా ఆవిడ మీద ఒళ్ళు మండిపోయిందండి," అన్నారు. చీర చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. నలభై ఏళ్ళు ఇతరుల నొప్పులకి ధైర్యం చెప్పిన మనిషి.

సరిగ్గా ఆ సమయంలోనే సూర్రాజు గారు పందిరి దగ్గరికి వచ్చారు. చెల్లెలి కోసం రాలేదు. ఆయన వాటా పేరుమార్పిడి కూడా ఆగిపోయింది. ఇల్లు ఒక్కటే కాబట్టి రెండు సగాలూ ఒకేసారి కదలాలట. ఆయన చెల్లెల్ని చూడనట్టే నా వైపు తిరిగి, సంగతేమిటని అడిగారు. చెప్పాను. ఆయన లుంగీ ఎగగట్టి నేరుగా ఆఫీసులోకి నడిచారు. వెనకే మేమూ వెళ్ళాం.

"ఉత్తరపు పొరుగుని నేనండి. మా చెల్లెలికి పేరు మారిస్తే నాకే అభ్యంతరమూ లేదండి. ఎక్కడ సంతకం పెట్టమంటారో చెప్పండి," అన్నారు.

పదిహేడేళ్ళ తర్వాత ఆ నోట 'మా చెల్లెలు' అన్న మాట వచ్చింది. మంగతాయారు గారు చప్పున తలెత్తారు. విశ్వేశ్వరరావు గారు మాత్రం తల దించి డిక్రీ తిరగేశారు.

"తమరు 'ఏ' షెడ్యూలు. తమకి దక్షిణాన బి షెడ్యూలు మంగతాయారు ఉన్నారు. కరెక్టే. కానీ ఆవిడ షెడ్యూలులో ఉత్తరాన తమరు లేరు."

"అదెలాగండి? ఆవిడ నాకు దక్షిణాన ఉంటే నేను ఆవిడకి ఉత్తరాన ఉన్నట్టే కదండి?"

"లోకంలో అంతేనండి. రికార్డులో ఆవిడ మీకు దక్షిణాన ఉన్నారు, మీరు ఆవిడకి ఉత్తరాన లేరు."

"నేను పుట్టింది ఆ ఇంట్లోనండి. అరవై మూడేళ్ళుగా అక్కడే ఉంటున్నాను."

"నివాసం వేరు, హద్దు వేరు. సంబంధం లేని మూడో వ్యక్తి ఇచ్చే నిరభ్యంతరాన్ని స్వీకరించే అధికారం నాకు లేదు. తమరు దయచేసి బయట కూర్చోవాలి."

సూర్రాజు గారు బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డారు. కేసు ఓడినప్పుడు కూడా ఆయన మొహం అలా లేదు. మంగతాయారు గారు రెండు మెట్లు పైన కూర్చున్నారు. కాసేపటికి ఆయన, రోడ్డు వైపు చూస్తూనే, "మోకాళ్ళు నొప్పులటగా," అన్నారు.

"ఆ. కోర్టు మెట్లెక్కి ఎక్కి వచ్చాయి."

"నాకూ అక్కడే వచ్చాయి." మోకాలు నిమురుకుంటూ అన్నారు. "మూడో వ్యక్తినంట."

"నేను నాకే మొండి పొరుగునంట అన్నయ్యా."

ఆయనకి నవ్వొచ్చింది. ఆపుకోబోయారు గానీ దగ్గు వచ్చింది. ఆవిడ సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఇచ్చారు. ఆయన గటగటా తాగేశారు.

ఆ వారమే మా జిల్లాలో రాజీ పక్షోత్సవాలు మొదలయ్యాయి. ప్రజల మధ్య తగాదాలన్నీ పదిహేను రోజుల్లో రాజీ అయిపోవాలని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. మా మునిసిపాలిటీకి నలభై రాజీలు కేటాయించారు. ముప్పై తొమ్మిది ఎలాగో కుదిరాయి. నలభయ్యోదానికి ఊళ్ళో తగాదా దొరక్క విశ్వేశ్వరరావు గారు సతమతమవుతూ, హఠాత్తుగా మంగతాయారు గారి ఫైలు తీశారు. రాజీలన్నీ పుస్తకంలో చేత్తో రాసేవే కాబట్టి కంప్యూటరు బెడద కూడా లేదు.

ఆఫీసు ఆవరణలో షామియానా వేసి, బల్లకి రెండు వైపులా రెండు కుర్చీలు పెట్టారు. ఒకదాని వెనక 'దరఖాస్తుదారు' అని అట్ట, రెండోదాని వెనక 'ప్రతిపక్షం' అని అట్ట. బల్ల వెనక రాజీ అధికారి హోదాలో విశ్వేశ్వరరావు గారు కూర్చున్నారు. మంగతాయారు గారు మొదటి కుర్చీలో కూర్చుని తన బాధ చెప్పుకున్నారు.

"ప్రతిపక్షం ఏమంటుంది?" అని అడిగారు అధికారి.

అప్పలస్వామి ఆవిడ చెయ్యి పట్టుకుని రెండో కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నాకేం అభ్యంతరం లేదండి," అన్నారావిడ.

"అలా అనకూడదమ్మా. అభ్యంతరమే లేకపోతే తగాదా లేదు. తగాదా లేకపోతే రాజీ ఎలా అవుతుంది? ఏదో ఒకటి ఉండాలి."

ఆవిడ ఆలోచించారు. "అయితే, ఆవిడ ఎప్పుడూ ఇంట్లో ఉండదండి. నా దగ్గర కూర్చుని ఒక్క పూట ప్రశాంతంగా మాట్లాడిన పాపాన పోలేదు."

"బాగుంది," అని రాసుకున్నారు అధికారి. "రాజీ అంటే ఇచ్చిపుచ్చుకోవడం. సరిహద్దు గీత దగ్గర ఇరుపక్షాలూ చెరొక జానెడు స్థలం వదులుకుంటే మనస్పర్థలకి తావుండదు. అటు ఒక జాన, ఇటు ఒక జాన."

గీతకి ఇటు జాన ఆవిడదే. అటు జాన మాత్రం నిజానికి సూర్రాజు గారిది. రికార్డు ప్రకారం అదీ ఆవిడదే. ప్రేక్షకుల్లో వెనక వరసలో కూర్చున్న సూర్రాజు గారి వైపు చూశాను. మంగతాయారు గారు కూడా చూశారు.

"ఒప్పేసుకో తాయారూ," అన్నారాయన. "పదిహేడేళ్ళు పోట్లాడాం. జానెడు పోతే పోయింది."

"సంబంధం లేని వ్యక్తులు కార్యక్రమానికి ఆటంకం కలిగించరాదు," అన్నాడు అప్పలస్వామి.

మంగతాయారు గారు ఒక కుర్చీలో ఒక సంతకం, ఇంకో కుర్చీలో ఇంకో సంతకం పెట్టారు. ఇరుపక్షాలకీ చెరొక శాలువా అన్నారు. ఇద్దరి శాలువాలూ ఆవిడకే కప్పారు. ఫొటో కోసం ఇరుపక్షాలూ చేతులు కలపాలన్నారు. ఆవిడ కుడిచేత్తో ఎడమచెయ్యి పట్టుకున్నారు. చూసినవాళ్ళకి నమస్కారం పెడుతున్నట్టే అనిపించింది. ఫొటో బాగా వచ్చింది.

మర్నాడు కొలతలకి సర్వేయరు గోపీచందు వచ్చాడు. ఆవిడ చేతుల మీద పుట్టినవాడే. చూడగానే గుర్తుపట్టి, "నర్సమ్మగారూ, బావున్నారా," అని కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"నువ్వు పుట్టినప్పుడు ఏడవలేదురా. వీపు మీద రెండు తగిలిస్తే గానీ నోరు తెరవలేదు," అన్నారావిడ.

"మా అమ్మ చెబుతూనే ఉంటుందండి. మీరు మంగతాయారు గారే అని తెలిపే గుర్తింపు కార్డు ఒకసారి చూపిస్తారా?"

కార్డు చూసుకుని కొలత గొలుసు పట్టాడు. వీధి అరుగు నుంచి నడవలోకి, నడవలోంచి పెరటి గోడ దాకా, ఇంటి నట్టనడిమి నుంచి రెండు జానల వెడల్పున తిన్నగా సున్నంతో రెండు గీతలు గీశాడు.

"ఇటుపక్కది మీదండి. అటుపక్కది సూర్రాజు గారిదండి. నడిమిది ఇరుపక్షాలూ వదులుకున్నారు కదండి. ఎవరిదీ కానిది ప్రభుత్వానిది," అని పుస్తకంలో రాసుకున్నాడు.

ఇద్దరి పేర్లూ వారంలో మారాయి. గడువుకి రెండు రోజుల ముందు మీటరు బిగించారు. మంగతాయారు గారు తన ట్రంకు పెట్టె, మంచం, కుక్కర్లతో దక్షిణపు సగంలోకి దిగారు. నేనే రిక్షా మాట్లాడి సామాను దగ్గరుండి పంపాను.

ఇంటి నడిమిన గోడ కట్టుకోవాలని డిక్రీలో ఉంది. దాన్ని పాటించాలి కాబట్టి సూర్రాజు గారు తాపీమేస్త్రిని పిలిచారు. ఇటుకలు దిగాయి. మేస్త్రి మొదటి ఇటుక పెట్టబోతుండగా విశ్వేశ్వరరావు గారు స్వయంగా వచ్చారు.

"ఆపండి. ఇది ప్రభుత్వ స్థలం. దీనిలో గోడ కడితే ఆక్రమణ."

"ఈ గీతలు వదిలేసి నా వైపు జరిపి కట్టుకుంటానండి," అన్నారు సూర్రాజు గారు.

"ప్రభుత్వ స్థలాన్ని ఆనుకుని కట్టడానికి ఉత్తరదక్షిణాల పొరుగువారి నిరభ్యంతర పత్రాలు కావాలి. దక్షిణపు పొరుగు ఇప్పుడు ప్రభుత్వం. ప్రభుత్వం నిరభ్యంతరం ఇవ్వాలంటే క్యాబినెట్ దాకా వెళ్ళాలి."

మేస్త్రి ఇటుకని మళ్ళీ గుట్ట మీద పెట్టేశాడు. సాయంత్రానికి నడవ మధ్యలో, రెండు సున్నపు గీతల నడుమ, ఒక రేకు బోర్డు పాతారు. 'ఇది ప్రభుత్వ భూమి. ఆక్రమించినవారు శిక్షార్హులు.' ఇంట్లో దీపం పెడితే దాని నీడ గోడ మీద పెద్దగా పడేది.

మొదట్లో అన్నాచెల్లెళ్ళకి భయం వేసింది. ఆవిడ ఇటు నుంచి కాఫీ గ్లాసు అందిస్తే అటు ఆయన అందుకోవచ్చో లేదో తెలియదు. ఆ విషయమై వివరణ కోరుతూ నా చేత అర్జీ రాయించారు. మూడు వారాలకి జవాబొచ్చింది. 'గాలిలోంచి గ్లాసు అందించుకొనుట ఆక్రమణ క్రిందకు రాదు. అయితే సదరు స్థలంపై కాఫీ ఒలకరాదు.' నాటి నుంచి గ్లాసు సగమే నింపుతున్నారు. అందుచేత రెండుసార్లు కాఫీ తాగుతున్నారు.

రెండు జానల స్థలమైనా ప్రభుత్వ ఆస్తి కాబట్టి దానికి నెలవారీ తనిఖీ ఉంటుంది. ఆ పని అప్పలస్వామికి అప్పగించారు. అతనికి రాత అంతగా రాదు, అందుకని చూసి వచ్చి నాకు చెబుతాడు, నేను ఫారం నింపుతాను. మొన్న నెల అతను వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు.

"ఏమిటింత ఆలస్యం?" అని అడిగాను.

"తనిఖీ చేద్దామని నిలబడ్డానండి. వాళ్ళ నాన్నగారు ఏదో ఎద్దుని కొని, అది ఇంటికి రానంటే దాని వెనకే ఇంకో ఊరు పోయిన సంగతి చెప్పుకుంటున్నారండి. సగంలో వచ్చెయ్యబుద్ధి కాలేదు."

ఫారంలో నాలుగో గడి, 'సదరు ప్రభుత్వ స్థలంలో ఆక్రమణ ఏమైనా కలదా?' అతను చెప్పినదాన్ని ఆఫీసు భాషలోకి మార్చి రాశాను:

'లేదు. గీతకు ఇటొకరు, అటొకరు కుర్చీలు వేసుకొని మాట్లాడుకొనుచున్నారు. ఎంతసేపు వేచియున్ననూ మాటలు పూర్తి కానందున తిరిగి వచ్చితిని.'